ల్యాప్‌టాప్‌కీ డాకింగ్ స్టేషన్‌కీ సరైన పవర్ అడాప్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

అడాప్టర్ పాడైనప్పుడు, కొత్త డాక్ (ఒకే వైరుతో మానిటర్, కీబోర్డ్, నెట్‌వర్క్ లాంటివన్నీ ల్యాప్‌టాప్‌కి కలిపే డాకింగ్ స్టేషన్) కొన్నప్పుడు, ఒకరి ఛార్జర్ ఇంకొకరి ల్యాప్‌టాప్‌కి పెట్టాల్సి వచ్చినప్పుడు అందరికీ ఇంచుమించు ఇవే సందేహాలు వస్తాయి. పిన్ పట్టింది కదా అని కొందరు పెట్టేస్తారు. పెద్ద అంకె చూసి కొందరు అనవసరంగా భయపడతారు. కింది జవాబులు చదివేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. గోడ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్ దాకా కరెంటు వెళ్లే దారిలో అడాప్టర్, డాక్, కేబుల్, పోర్ట్ ఉంటాయి. వీటిలో దేని సామర్థ్యం తక్కువో, చివరికి ల్యాప్‌టాప్‌కి అందేది అంతే.

## అడాప్టర్ లేబుల్ మీద చాలా అంకెలు ఉన్నాయి. వాటిలో ఏవి చూడాలి?

ముందుగా ఔట్‌పుట్ అని ఉన్న వరస చూడండి. అందులో వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్లు వస్తాయి. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65 వాట్లు. అదే 19.5 వోల్టులకు 4.62 ఆంపియర్లు ఉంటే 90 వాట్లు. 20 వోల్టులు, 2.25 ఆంపియర్లు అయితే 45 వాట్లు.

ఇన్‌పుట్ వరస గోడ కరెంటుకు సంబంధించింది. దాదాపు అన్ని ల్యాప్‌టాప్ అడాప్టర్ల మీదా అక్కడ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. ఛార్జర్ ఎంచుకోవడంలో దాని పాత్ర తక్కువ.

గుండ్రటి పిన్ ఉన్న అడాప్టర్ అయితే లేబుల్ మీద చిన్న వృత్తం, దానికి రెండు వైపులా ప్లస్, మైనస్ గుర్తులు కనిపిస్తాయి. పిన్ లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది ఆ బొమ్మ చెబుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా లోపలిది ప్లస్సే. పాత అడాప్టర్ బొమ్మా కొత్తదాని బొమ్మా ఒకేలా ఉండాలి. ఇక్కడ మాత్రం సర్దుకుపోవడానికి వీల్లేదు, తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు.

ఒక్కోసారి లేబుల్ మీద ఉన్న మొత్తం వాట్లు ల్యాప్‌టాప్‌కే వెళ్లవు. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌తో వచ్చే 65 వాట్ల అడాప్టర్‌లో 60 వాట్లు ల్యాప్‌టాప్‌కి వెళ్తాయి, మిగతా 5 వాట్లు ఫోన్ ఛార్జ్ చేసుకోవడానికి దాని మీదే ఉన్న యూఎస్‌బీ పోర్ట్‌కి. అందుకే పెట్టె మీద పెద్దగా రాసిన అంకె కన్నా ఔట్‌పుట్ వరసనే నమ్మండి.

## నా ల్యాప్‌టాప్‌కి 65 వాట్లు చాలు. 90 వాట్ల అడాప్టర్ పెడితే కాలిపోతుందా?

కాలిపోదు. వోల్టేజ్ సరిపోతే చాలు. ఆంపియర్ల అంకె అడాప్టర్ గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెబుతుంది, అంతా బలవంతంగా లోపలికి తోసేస్తుందని కాదు. ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. పైగా పెద్ద అడాప్టర్ తన సామర్థ్యం కంటే తక్కువ పని చేస్తుంది కాబట్టి కాస్త చల్లగా కూడా ఉంటుంది. దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

## మరి వాట్లు తక్కువైతే?

అసలు ఇబ్బంది ఇక్కడుంది. 90 వాట్ల ల్యాప్‌టాప్‌కి 45 వాట్ల అడాప్టర్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టగలిగితే జాగ్రత్తపడుతుంది. ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, బ్యాటరీని నెమ్మదిగా ఛార్జ్ చేస్తుంది, లేదా ఆపేసి ఉన్నప్పుడు మాత్రమే ఛార్జ్ చేస్తుంది. బరువైన పని చేస్తున్నప్పుడు ప్లగ్ పెట్టి ఉన్నా బ్యాటరీ శాతం పడిపోతూ ఉంటే కారణం చాలాసార్లు ఇదే.

గుర్తుపట్టలేని పక్షంలో ల్యాప్‌టాప్ తనకు కావలసినంతా లాగబోతుంది. మంచి అడాప్టర్ అయితే లోపలి రక్షణ పనిచేసి దానంతటదే ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది. ఛార్జింగ్ లైట్ వెలిగి ఆరుతూ ఉంటే అనుమానించండి. రక్షణ సరిగా లేని నాసిరకం అడాప్టర్ మాత్రం విపరీతంగా వేడెక్కుతుంది. దాన్ని అలా వాడుతూ పోకండి.

## పాతది 19.5 వోల్టులు, దొరికింది 19 వోల్టులు. పెట్టొచ్చా?

ఈ కాస్త తేడా మామూలుగా ఇబ్బంది పెట్టదు. 19, 19.5 మధ్య తేడా మూడు శాతం కన్నా తక్కువ. ల్యాప్‌టాప్ లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజ్‌ని ఎలాగూ తనకు తగినట్టు తగ్గించుకుంటుంది. అయినా దొరికే అవకాశం ఉంటే లేబుల్ మీద ఉన్న అంకెకే వెళ్లమని చెబుతాను. 12 వోల్టుల దానికి 19, 15 వోల్టుల దానికి 20 లాంటి పనులు మాత్రం ఎప్పుడూ చేయకండి. రౌటర్, ప్రింటర్, మానిటర్ అడాప్టర్ల పిన్‌లు చూడటానికి ఒకేలా ఉంటాయి, వోల్టులు మాత్రం వేరు. డ్రాయర్లో కలిసిపోయిన అడాప్టర్లకు ఏది దేనిదో రాసి ఒక స్టిక్కర్ అంటించుకోవడం చాలా ఉపయోగం.

## పిన్ చక్కగా పట్టింది, వోల్టులు, వాట్లు సరిపోయాయి. అయినా బ్యాటరీ ఛార్జ్ కావడం లేదు. ఎందుకు?

చాలా కంపెనీలు అడాప్టర్‌ని గుర్తుపట్టే ఏర్పాటు పెట్టాయి. డెల్ గుండ్రటి పిన్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది. దాని ద్వారా అడాప్టర్‌లోని చిన్న చిప్ తాను ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ సమాచారం అందకపోతే, స్టార్ట్ అవుతున్నప్పుడే అడాప్టర్ ఏ రకమో తెలియలేదన్న సందేశం వస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది, కానీ బ్యాటరీ ఛార్జ్ కాదు, ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది. హెచ్‌పీ పిన్‌లోనూ మధ్య సూది ఇలాంటి పనే చేస్తుంది. లెనోవో దీర్ఘచతురస్రాకార పిన్‌లో ఆ పని ఒక రెసిస్టర్ చేస్తుంది.

ఒరిజినల్ అడాప్టర్‌తోనే ఈ సందేశం వస్తుంటే చాలాసార్లు తప్పు ఆ సూదిది, లేదా పిన్ దగ్గర వంగివంగి తెగిపోయిన సన్నని తీగది. వైరుని అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టేవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. వేరే అడాప్టర్‌తో బాగా పనిచేస్తే ల్యాప్‌టాప్ బాగున్నట్టే. ఏ అడాప్టర్‌తోనూ పనిచేయకపోతే ల్యాప్‌టాప్ వైపు సాకెట్‌ని చూపించాలి.

## టైప్-సి ల్యాప్‌టాప్ అయితే ఏ టైప్-సి ఛార్జరైనా పెట్టొచ్చా?

పెట్టడం వల్ల హాని లేదు, నాణ్యమైనదైతే. ఛార్జ్ అవుతుందా అన్నది వేరే ప్రశ్న.

ముందు ల్యాప్‌టాప్‌లోని ఆ పోర్ట్ ఛార్జింగ్ తీసుకుంటుందో లేదో చూసుకోవాలి. అన్ని టైప్-సి పోర్టులూ తీసుకోవు. కొన్ని డేటాకి మాత్రమే. పోర్ట్ పక్కన ప్లగ్ లేదా బ్యాటరీ బొమ్మ ఉందేమో చూడండి, లేదా మోడల్ మాన్యువల్ తెరవండి. థండర్‌బోల్ట్ 4 (టైప్-సి ఆకారంలోనే ఉండే వేగమైన పోర్ట్ ప్రమాణం) ఉన్న ల్యాప్‌టాప్ 100 వాట్ల లోపు తీసుకునేదైతే, కనీసం ఒక పోర్ట్‌లో ఛార్జింగ్ తప్పకుండా ఉండాలన్నది ఆ ప్రమాణంలోని నియమం.

తర్వాత యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే పద్ధతి గురించి కొంచెం తెలుసుకోవాలి. టైప్-సి ఛార్జర్ మొదట 5 వోల్టులతోనే మొదలవుతుంది. ఆపైన 9, 15, 20 వోల్టుల్లో తాను ఏవేవి, ఎన్ని ఆంపియర్లతో ఇవ్వగలదో ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ల్యాప్‌టాప్ వాటిలో ఒకటి అడుగుతుంది. ఆ ఒప్పందం కుదిరాకే వోల్టేజ్ పెరుగుతుంది. అందుకే 100 వాట్ల ఛార్జర్‌ని ఫోన్‌కి పెట్టినా ఏమీ కాదు. ఈ పద్ధతిలో గరిష్ఠం చాలాకాలం 20 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 100 వాట్లే. 2021లో వచ్చిన 3.1 వెర్షన్‌లో 28, 36, 48 వోల్టులు కలిశాయి. దాంతో 140, 180, 240 వాట్ల దాకా వెళ్లొచ్చు.

అందరికీ తెలియని సంగతి మరొకటి ఉంది. ప్రమాణం ప్రకారం 45 వాట్ల ఛార్జర్ 15 వోల్టులు, 3 ఆంపియర్లు ఇస్తే సరిపోతుంది, 20 వోల్టులు ఇవ్వాలన్న నిబంధన లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు మాత్రం 20 వోల్టులు ఉంటేనే ఛార్జ్ అవుతాయి. వాట్లు సరిపోయినా అలాంటి జంట కలవదు. ఛార్జర్ లేబుల్‌లో 20 వోల్టుల వరస ఉందో లేదో చూస్తే ఈ చిక్కు తప్పుతుంది.

ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ ఛార్జర్ల మీద 67, 80, 120 వాట్లు అని ఉండటం చూసి ల్యాప్‌టాప్‌కి వాడదామనుకుంటారు. ఆ పెద్ద అంకె తరచుగా ఆ ఫోన్ కంపెనీ సొంత పద్ధతిలో, వాళ్ల ఫోన్‌కి మాత్రమే వస్తుంది. ల్యాప్‌టాప్‌కి అదే ఛార్జర్ చాలా తక్కువ ఇవ్వొచ్చు. పవర్ డెలివరీ ఔట్‌పుట్ ఎంతో విడిగా రాసి ఉంటే ఆ అంకెనే లెక్కలోకి తీసుకోండి.

## 100 వాట్ల ఛార్జర్ కొన్నాను. ల్యాప్‌టాప్ 60 వాట్లే తీసుకుంటోంది. ఛార్జర్ నకిలీదా?

ముందు కేబుల్ మార్చి చూడండి. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకు మించి వెళ్లాలంటే కేబుల్ కనెక్టర్‌లో ఒక చిన్న చిప్ ఉండాలి. తాను 5 ఆంపియర్లు మోయగలనని అది చెబితేనే ఛార్జర్ 60 దాటుతుంది. చిప్ లేకపోతే ఛార్జర్ ఎంత పెద్దదైనా అక్కడే ఆగుతుంది. ఇది లోపం అనుకోవద్దు. సన్నని తీగ వేడెక్కి కాలిపోకుండా కాపాడే ఏర్పాటు ఇది.

ఇప్పుడు ప్రమాణం పాటించే కేబుళ్ల మీద 60 లేదా 240 వాట్లు అన్న గుర్తు ఉంటుంది. కొంచెం పాత వాటిలో 100 వాట్లవీ ఉన్నాయి. కొత్తగా కొనేటట్టయితే 240 వాట్లదే తీసుకోండి, రేపు ల్యాప్‌టాప్ మారినా పనికొస్తుంది.

వాట్లు సరిపోయినంత మాత్రాన ఆ కేబుల్ డాక్‌కి పనికొస్తుందని కూడా లేదు. ఛార్జింగ్ కోసం అమ్మే చాలా కేబుళ్లలో డేటా వేగం యూఎస్‌బీ 2.0 స్థాయిలోనే ఉంటుంది. అలాంటి దానితో డాక్ కలిపితే ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది, కీబోర్డ్ పనిచేస్తుంది, మానిటర్లు మాత్రం వెలగవు. డాక్‌తో వచ్చిన కేబుల్‌ని అందుకే జాగ్రత్తగా దాచుకోండి. దాన్ని ఫోన్ ఛార్జింగ్‌కి వాడి, డాక్‌కి వేరే కేబుల్ పెట్టి తలపట్టుకోవడం చాలా చోట్ల జరుగుతోంది.

## డాక్ కోసం ఎన్ని వాట్ల అడాప్టర్ కావాలి? ఎలా లెక్కేయాలి?

కాగితం మీద కూడిక వేయండి. మొదటి అంకె ల్యాప్‌టాప్‌ది, దాని సొంత అడాప్టర్ మీద ఉన్న వాట్లే. ఇది 65 అనుకుందాం. రెండోది డాక్ తన కోసం వాడుకునేది. లోపల వీడియో, నెట్‌వర్క్, యూఎస్‌బీ చిప్‌లు ఉంటాయి కాబట్టి 10 నుంచి 15 వాట్లు పక్కన పెట్టడం మంచిది. మూడోది డాక్‌కి తగిలించే వస్తువులు. యూఎస్‌బీ 3 పోర్ట్ మామూలుగా 5 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు, అంటే 4.5 వాట్లు ఇస్తుంది. బయటి హార్డ్ డిస్క్‌కి ఇంచుమించు అంత పడుతుంది. మౌస్, కీబోర్డ్‌లది లెక్కలోకి రానంత తక్కువ. డాక్ ముందువైపు టైప్-సి పోర్ట్‌లో ఫోన్ ఛార్జ్ చేస్తే 5 వోల్టులు, 3 ఆంపియర్ల చొప్పున 15 వాట్ల దాకా పోవచ్చు.

65కి డాక్ వాడకం 15, హార్డ్ డిస్క్ 5, ఫోన్ 15 కలిపితే 100 అయింది. అడాప్టర్‌ని ఎప్పుడూ పూర్తి సామర్థ్యం మీద నడపకూడదు కాబట్టి ఈ డాక్‌కి 120 లేదా 135 వాట్ల అడాప్టర్ ఉండటం సబబు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల అడాప్టర్ ఈ పని చేయలేదని ఇప్పుడు అర్థమవుతుంది.

మానిటర్లను ఈ కూడికలో కలిపేసి కంగారు పడేవాళ్లున్నారు. సొంత ప్లగ్ ఉన్న మానిటర్ డాక్ నుంచి కరెంటు తీసుకోదు, బొమ్మ మాత్రమే తీసుకుంటుంది. ప్లగ్ లేకుండా ఒక్క టైప్-సి వైరుతో నడిచే పోర్టబుల్ మానిటర్ అయితే దాని వాట్లు తప్పకుండా కలపాలి.

## డాక్ అడాప్టర్ 130 వాట్లు. ల్యాప్‌టాప్‌కి 90 మాత్రమే అంటున్నారు. మిగతా 40 ఏమైపోయాయి?

పైన చెప్పిన డాక్ వాడకం, పోర్టులు, కొంత ఖాళీ. డాక్ తయారుచేసినవాళ్లు అన్ని పోర్టులూ ఒకేసారి వాడినా డాక్ ఆగిపోకుండా ఉండాలని ఆ వాటా ముందే విడదీసి ఉంచుతారు. కాల్‌డిజిట్ టీఎస్4 అనే థండర్‌బోల్ట్ డాక్‌తో 230 వాట్ల అడాప్టర్ వస్తుంది. అందులో ల్యాప్‌టాప్‌కి వెళ్లేది 98 వాట్లు. చాలా పోర్టులున్న డాక్ కాబట్టి మిగతాది వాటి కోసం.

డెల్ డబ్ల్యూడీ19 ఇంకో మంచి ఉదాహరణ. 130 వాట్ల అడాప్టర్ పెడితే ల్యాప్‌టాప్‌కి 90 వాట్లు, 180 వాట్లది పెడితే డెల్ ల్యాప్‌టాప్‌లకు 130 వాట్ల దాకా వస్తాయి. అదే డాక్‌కి వేరే కంపెనీ ల్యాప్‌టాప్ తగిలిస్తే 90 దగ్గరే ఆగుతుంది. టైప్-సి మీద 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు దాటడం సాధారణ ప్రమాణంలో లేదు. ఆ 130 వాట్లు డెల్ తన వస్తువుల మధ్య పెట్టుకున్న ఏర్పాటు.

అందువల్ల డాక్ కొనేటప్పుడు అడాప్టర్ వాట్లు అడిగి ఊరుకోకండి. ల్యాప్‌టాప్‌కి ఎన్ని వాట్లు ఇస్తుంది అని అడగండి. స్పెసిఫికేషన్‌లో అది విడిగా రాసి ఉంటుంది. రాయని డాక్‌ని నేనైతే కొనను.

## డాక్‌కి ఇంకా పెద్ద అడాప్టర్ పెడితే ల్యాప్‌టాప్‌కి ఎక్కువ వస్తుందా?

చాలా డాక్‌లలో రాదు. ల్యాప్‌టాప్ వాటా డాక్ డిజైన్‌లో ఖాయమైపోయి ఉంటుంది. డబ్ల్యూడీ19 లాగా పెద్ద అడాప్టర్‌కి తగ్గట్టు వాటా పెంచే ఏర్పాటు ఉంటేనే ప్రయోజనం, ఆ సంగతి మాన్యువల్ చెబుతుంది.

## ల్యాప్‌టాప్ అడాప్టర్‌నే డాక్‌కి తగిలించొచ్చా?

ఒకే కంపెనీవైతే కొన్నిసార్లు పిన్, వోల్టేజ్ రెండూ కలుస్తాయి. వాట్లు చాలితే పనిచేస్తుంది. చాలకపోతే డాక్ అసలు ఆన్ కాకపోవచ్చు, లేదా పోర్టులు పనిచేసినా ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ ఇవ్వకపోవచ్చు. వేరే కంపెనీ డాక్ అయితే వోల్టులు చూడకుండా ముట్టుకోవద్దు. డాక్ అడాప్టర్లు అన్నీ ఒకే వోల్టేజ్‌వి కావు. 12 వోల్టులవి ఉన్నాయి, 20 వోల్టులవీ ఉన్నాయి.

## చిన్న టైప్-సి హబ్ వాడుతున్నాను, నా ఛార్జర్‌నే దానికి తగిలిస్తాను. ఛార్జింగ్ నెమ్మదించింది.

ఇలాంటి హబ్‌లకు సొంత అడాప్టర్ ఉండదు. మీ ఛార్జర్ ఇచ్చేదాంట్లోంచి కొంత తమ కోసం తీసుకుని మిగిలింది ల్యాప్‌టాప్‌కి పంపుతాయి. మామూలుగా 10 నుంచి 15 వాట్లు పక్కన పెట్టుకుంటాయి. పెట్టె మీద 100 వాట్లు అని ఉన్నా, ల్యాప్‌టాప్‌కి వెళ్లేది 85 అని లోపల చిన్న అక్షరాల్లో ఉంటుంది. 65 వాట్ల ఛార్జర్‌తో వాడితే ల్యాప్‌టాప్‌కి 50 మిగులుతాయి. పరిష్కారం తేలికే, ఒక మెట్టు పెద్ద ఛార్జర్ పెట్టుకోండి. 65 కావలసిన చోట 100 వాట్లది సరిగ్గా సరిపోతుంది.

## డాక్ కలిపితే మానిటర్, నెట్ అన్నీ వస్తున్నాయి. ఛార్జింగ్ మాత్రం అసలే లేదు.

డాక్‌కి సొంత అడాప్టర్ ఉన్నా, అది ల్యాప్‌టాప్‌ని ఛార్జ్ చేసే రకం కాకపోవచ్చు. డిస్‌ప్లేలింక్ పద్ధతిలో (బొమ్మని మామూలు యూఎస్‌బీ డేటాగా పంపే పద్ధతి), పాత వెడల్పాటి యూఎస్‌బీ-ఏ వైరుతో కలిసే డాక్‌లు ల్యాప్‌టాప్‌ని ఛార్జ్ చేయవు. ఆ వైరు అందుకు సరిపోదు. వాటితో ల్యాప్‌టాప్ సొంత అడాప్టర్ కూడా తగిలించి ఉంచాల్సిందే. టైప్-సి డాక్ అయితే ల్యాప్‌టాప్‌లో వేరే టైప్-సి పోర్ట్‌కి మార్చి చూడండి, ఆపైన కేబుల్ మార్చండి.

## డాక్ నుంచి ఛార్జ్ అవుతుండగా ల్యాప్‌టాప్ సొంత అడాప్టర్ కూడా పెడితే ప్రమాదమా?

ప్రమాదం లేదు. రెండు దారుల్లో కరెంటు వస్తే ల్యాప్‌టాప్ ఒకదాన్ని ఎంచుకుంటుంది, ఎక్కువగా పెద్దదాన్ని. రెండింటి వాట్లూ కలిసిపోయి రెట్టింపు వేగంతో ఛార్జ్ అవుతుందని మాత్రం ఆశించకండి.

## గేమింగ్ ల్యాప్‌టాప్, వర్క్‌స్టేషన్లకు డాక్ ఒక్కటి సరిపోతుందా?

నిజం చెప్పాలంటే చాలాసార్లు సరిపోదు. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్లకు 180, 240, 330 వాట్ల అడాప్టర్లు వస్తాయి. టైప్-సి డాక్ ఇచ్చేది ఎక్కువ శాతం 60 నుంచి 100 వాట్లు. మెయిల్, బ్రౌజింగ్, డాక్యుమెంట్ల పనికి అది చాలు, బ్యాటరీ కూడా నెమ్మదిగా ఎక్కుతుంది. వీడియో రెండరింగో గేమో మొదలుపెట్టగానే లోటు బ్యాటరీ నుంచి తీసుకోవడమో, వేగం బాగా తగ్గిపోవడమో జరుగుతుంది. కొన్ని మోడళ్లలో టైప్-సి మీద ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు పూర్తి శక్తితో నడవదు.

ఇలాంటి మెషీన్‌కి నా సలహా ఒకటే. డాక్‌ని మానిటర్లకీ, నెట్‌వర్క్‌కీ, కీబోర్డ్‌కీ వాడండి. కరెంటు కోసం దాని పెద్ద అడాప్టర్‌నే పెట్టండి. వైరు ఒకటి ఎక్కువైనా, పెద్ద ధర పెట్టి కొన్న వేగం మీకు దక్కుతుంది.

యాపిల్ 2021లో తెచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో కూడా దీనికి దగ్గరగా ఉంటుంది. దాని 140 వాట్ల అడాప్టర్ పూర్తి శక్తి మ్యాగ్‌సేఫ్ అనే యాపిల్ సొంత అయస్కాంత పిన్ వైరుతోనే వస్తుంది, టైప్-సి పోర్ట్ ద్వారా 100 వాట్ల దాకానే తీసుకుంటుంది. అయినా రోజువారీ పనికి ఆ 100 వాట్లు ఇబ్బంది పెట్టవు.

## రెండు మూడు పోర్టులున్న ఒకే ఛార్జర్‌తో ల్యాప్‌టాప్, ఫోన్ కలిపి వాడొచ్చా?

వాడొచ్చు. కాకపోతే 100 వాట్లు అన్నది మొత్తం. ఒక్క ల్యాప్‌టాప్ ఉంటే 100, ఫోన్ కూడా తగిలించగానే 65, 30 అని విడిపోవచ్చు. ఏ పోర్ట్‌కి ఎంత అన్న పట్టిక ఛార్జర్ మీదో పెట్టెలోనో ఉంటుంది. రెండో వస్తువు తగిలించిన క్షణంలో ఛార్జర్ మళ్లీ అన్నింటితో ఒప్పందం చేసుకుంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఒక్కసారి ఆగి మొదలవుతుంది. బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇబ్బంది లేదు. ఛార్జర్‌ని డాక్‌కి వాడుతుంటే మాత్రం ఆ క్షణంలో మానిటర్లు ఆరి వెలగొచ్చు, బయటి డిస్క్ తెగిపోవచ్చు. అందుకే డాక్‌కి కరెంటు ఇచ్చే ఛార్జర్‌ని ఇంకెవరితోనూ పంచుకోనివ్వకండి.

## ఛార్జింగ్‌లో ఉండగా మెటల్ బాడీ తాకితే జివ్వుమంటోంది. షాకా?

రెండు పిన్‌ల అడాప్టర్లతో ఇది తరచుగా వస్తుంది. అడాప్టర్ లోపల రేడియో అలజడిని తగ్గించడానికి గోడ కరెంటు వైపుకూ ఔట్‌పుట్ వైపుకూ మధ్య చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా అతి కొద్ది కరెంటు బయటి బాడీకి చేరుతుంది. ఎర్త్ దారి లేకపోతే అది మీ చేతి గుండా వెళ్తుంది. మంచి అడాప్టర్‌లో ఆ కరెంటు భద్రతా పరిమితికి లోపే ఉంటుంది, చర్మం మీద వణుకులా తెలుస్తుంది తప్ప హాని చేయదు.

ఎర్త్ ఉన్న మూడు పిన్‌ల వైరు వాడితే, సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉంటే, చాలావరకు పోతుంది. డాక్ అడాప్టర్‌కి మూడు పిన్‌లు ఉన్నప్పుడు డాక్ తగిలించగానే ఆ జివ్వుమనడం ఆగిపోవడానికి కారణం ఇదే. మూడు పిన్‌ల వైరు పెట్టినా తగ్గకపోతే సాకెట్ ఎర్త్‌ని ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. చురుక్కుమని గట్టిగా కొడితే మాత్రం ఆ అడాప్టర్‌ని వెంటనే తీసేయండి, మళ్లీ వాడకండి.

## అడాప్టర్ వేడెక్కుతోంది. ఎంత వేడి మామూలు?

వేడెక్కడం సహజమే. 65 వాట్లు ఇచ్చే అడాప్టర్ 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా 7 వాట్లు వేడిగా మారతాయి. అంత వేడీ చిన్న డబ్బాలోంచే బయటికి పోవాలి. చేత్తో పట్టుకోగలిగితే ఫర్వాలేదు. పట్టుకోలేనంత కాలుతుంటే, కాలిన వాసన వస్తే, ప్లాస్టిక్ రంగు మారినా ఉబ్బినా వాడకం ఆపేయండి. పరుపు మీద, దిండు కింద, కర్టెన్ వెనక పెట్టకండి. డాక్‌నీ దాని అడాప్టర్‌నీ ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా మంచిది కాదు.

## ఒరిజినల్ కాని అడాప్టర్ కొనొచ్చా? నాసిరకం ఎలా తెలుస్తుంది?

పేరున్న కంపెనీ తయారుచేసిన వేరే అడాప్టర్ కొనడంలో తప్పు లేదు. టైప్-సి అయితే మరీ సులువు. నాకు భయం కలిగించేది పేరూ ఊరూ లేనివీ, ఒరిజినల్ లోగో అంటించిన నకిలీవీ. గోడ కరెంటుకీ మీ చేతికీ మధ్య ఉన్న అడ్డు ఆ డబ్బా లోపలి ట్రాన్స్‌ఫార్మర్, ఇన్సులేషన్ మాత్రమే. ఖర్చు తగ్గించడానికి నకిలీలో కోత పడేది సరిగ్గా అక్కడే.

అదే వాట్ల అసలైనదానితో పోలిస్తే మరీ తేలికగా ఉండటం, లేబుల్ మీద అక్షరదోషాలు, భద్రతా ధ్రువీకరణ గుర్తులు లేకపోవడం, వోల్టులు ఆంపియర్లు గుణిస్తే రాసిన వాట్లు రాకపోవడం అనుమానించాల్సిన సంగతులు. బరువు విషయంలో ఒక జాగ్రత్త: గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసిన చిప్‌లు వాడిన కొత్త ఛార్జర్లు నిజంగానే చిన్నగా, తేలికగా ఉంటాయి, అది లోపం కాదు. లేబుల్ మీద చిన్న వృత్తంలో రోమన్ ఆరు అంకె కనిపిస్తే అది సామర్థ్య స్థాయి. 49 నుంచి 250 వాట్ల అడాప్టర్‌కి ఆ స్థాయిలో సగటు సామర్థ్యం కనీసం 88 శాతం ఉండాలి, ఏమీ తగిలించనప్పుడు 0.21 వాట్లకు మించి వాడకూడదు. నకిలీవాళ్లు గుర్తునూ ముద్రిస్తారు కాబట్టి ఒక్క గుర్తుని చూసి నమ్మవద్దు, కొనే చోటు ముఖ్యం.

## టైప్-సి నుంచి రౌండ్ పిన్‌కి మార్చే కన్వర్టర్లు మంచివేనా?

పాత ల్యాప్‌టాప్‌కి ప్రయాణంలో పనికొస్తాయి. లోపలి చిప్ ఛార్జర్‌ని 20 వోల్టులు అడిగి, అదే రౌండ్ పిన్‌కి పంపుతుంది. మీ ల్యాప్‌టాప్ 19 నుంచి 20 వోల్టులదై ఉండాలి, ఛార్జర్‌కి సరిపడా వాట్లు ఉండాలి. తక్కువ వాట్ల ఛార్జర్ పెట్టినా ఆ సంగతి ల్యాప్‌టాప్‌కి తెలిసే దారి చాలా కన్వర్టర్లలో లేదు, అది మామూలుగానే లాగబోతుంది. అయస్కాంతంతో అతుక్కునే టైప్-సి ముక్కల్ని మాత్రం నేను సిఫారసు చేయను. అవి టైప్-సి ప్రమాణంలో లేవు. కొద్దిగా పక్కకు జరిగి అతుక్కున్నా 20 వోల్టులు పక్క పిన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

## ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌కి నిజంగా ఎన్ని వాట్లు అందుతున్నాయో ఎలా చూడాలి?

మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి పవర్ విభాగంలోకి వెళ్తే ఛార్జర్ వాట్లు కనిపిస్తాయి. విండోస్‌లో చాలని ఛార్జర్ పెడితే స్లో ఛార్జర్ అన్న హెచ్చరిక వస్తుంది. చాలా డెల్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (స్టార్ట్ అవుతున్నప్పుడు తెరవగలిగే సెట్టింగ్‌ల తెర) అడాప్టర్ వాట్లు రాసి ఉంటాయి. వీటితో తేలకపోతే టైప్-సి పవర్ మీటర్ అనే చిన్న పరికరం కేబుల్ మధ్యలో పెట్టండి, వోల్టులు, ఆంపియర్లు నేరుగా చూపిస్తుంది. బ్యాటరీ నిండి ఉన్నప్పుడు చూడకండి, అప్పుడు ల్యాప్‌టాప్ ఎలాగూ తక్కువే తీసుకుంటుంది. సగం ఖాళీ అయ్యాక బరువైన పని నడుపుతూ చూస్తే అసలు అంకె తెలుస్తుంది.

## డాక్‌కి రోజంతా తగిలించి ఉంచితే బ్యాటరీ పాడవుతుందా?

అడాప్టర్ వల్ల పాడవదు. నిండాక ఛార్జింగ్ దానంతటదే ఆగుతుంది. లిథియం బ్యాటరీని ఎప్పుడూ నూరు శాతం దగ్గర, వేడిలో ఉంచడం దాని ఆయుష్షు తగ్గిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది. డాక్ మీదే ఎక్కువ సమయం గడిపేవాళ్లు దాన్ని ఆన్ చేసుకోండి.

## వేరే దేశానికి తీసుకెళ్తే అడాప్టర్ మార్చాలా?

ఇన్‌పుట్ వరసలో 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే అక్కర్లేదు. గోడ సాకెట్ ఆకారానికి తగిన ప్లగ్ చాలు. అడాప్టర్‌కీ గోడకీ మధ్య ఉన్న వైరు విడిపోయే రకమైతే, అక్కడి ప్లగ్ ఉన్న వైరు ఒక్కటి కొనుక్కున్నా సరిపోతుంది. ఆ వైరు అడాప్టర్ వైపు కొన మూడు రంధ్రాలదైతే కొత్తదీ అలాంటిదే, ఎర్త్ ఉన్నదే తీసుకోండి.